మా నాన్న వయొలిన్ ఇంటికి చేర్చినవాళ్లందరికీ

నిన్న సాయంత్రం మా ఇంట్లో మళ్లీ సరళీ స్వరాలు మొదలయ్యాయి, సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత. అందుకు కారణమైనవాళ్లకు ఫోన్లో థాంక్స్ చెప్పాను గానీ నాకు తృప్తి కలగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తిరుపతి కొర్లగుంటలో మా వీధివాళ్లకు వయొలిన్ మాస్టారంటే మా నాన్నే. వయసు 78. ఆ రోజు మహతి ఆడిటోరియంలో పిల్లల ప్రోగ్రాం చూసుకుని ఆటోలో వచ్చారు. చేతిలో కూరగాయల సంచీ ఒకటి. సంచీతో దిగారు, వయొలిన్ పెట్టె వెనక సీట్లోనే ఉండిపోయింది. నంబరు చూసుకోలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోడమీద వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫొటో కింద, రోజూ పాఠం చెప్పేచోటే, ఖాళీ చేతులతో కూర్చున్నారు.

ఆ వయొలిన్‌తోనే 1970లలో రైలెక్కి మద్రాసు వెళ్లి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించేవారు. ఇద్దరికి ఒక స్టాండు, దానిమీద స్టాఫ్ నోటేషన్, అంటే పాశ్చాత్య స్వరలిపి, కాగితాలు. ఒక్కరు తప్పినా టేకు మొత్తం మళ్లీ మొదటి నుంచి. అక్కడ కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పెట్టుకుని, జి డి ఏ ఈ శ్రుతిలో వాయించాలి. ఇంటికొస్తే నేలమీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడిపాదం మీద ఆనించి, తీగలు స ప స ప కి మార్చుకుని పిల్లలకు మాయామాళవగౌళ రాగంలో పాఠాలు. వయొలిన్ మాత్రం అదే. తెరమీద ఆయన పేరు ఎప్పుడూ పడలేదు. ఇప్పటికీ రేడియోలో ఆనాటి పాట వస్తే, "ఇదిగో, ఇక్కడ కమాను అందరం ఒక్కసారే పైకి లాగాం" అంటూ కుడిచేయి గాల్లో కదుపుతారు.

ఆటో అన్న పెట్టె చూసింది మర్నాడు పొద్దున. తెరిస్తే తీగల పక్కన ఒక పాత నోటుపుస్తకం. అది నాన్న ఫీజుల లెక్క. పేరుకే ఫీజుల లెక్క. సగం గళ్లు ఖాళీ, మిగతా చోట్ల "కమాను వంకర పోతోంది", "చిటికెన వేలికి బలం చాలదు" అని రాసుంటుంది. అందులోని పిల్లల పేర్లలో ఒకటి ఆటో అన్న వాళ్ల వీధి పాపది. పాప ఆ వారమంతా ఊళ్లో లేదు. ఇంటికి తాళం. ఆయన రోజూ వెళ్లి చూశాడు. అన్ని రోజులూ పెట్టెను ఆటోలో ఉంచకుండా ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద నీడలో పెట్టాడు. వయొలిన్ చెక్కలను అతికేది తోలు జిగురు, ఎండ వేడికి పట్టు వదిలేస్తుంది. ఈ సంగతి ఆయనకు తెలియదు. "పెద్దాయన వస్తువు కదమ్మా, ఎండలో ఎందుకని" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

ఆటో కుదుపులకు తీగలను ఎత్తి పట్టే చెక్క, బ్రిడ్జి, పడిపోయింది. తీగల ఒత్తిడి లేక లోపల నిలబడే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, అదీ పడిపోయి లోపల గలగలమంటోంది. దాన్ని జిగురుతో అతికించరు, ఒత్తిడితోనే నిలబడాలి. చెన్నై నుంచి నాన్న పాత శిష్యుడొకరు వచ్చి, ఎస్ ఆకారంలో వంచిన ఇనుప పుల్లతో, పక్క రంధ్రంలోంచి రెండు గంటలు కష్టపడి నిలబెట్టాడు. బస్సు చార్జీ కూడా తీసుకోలేదు.

లీలామహల్ సెంటర్, బస్టాండ్, రైల్వేస్టేషన్ ఆటో స్టాండ్లన్నీ తిరిగిన పిల్లలకు, వాళ్లను టూవీలర్ల మీద తిప్పిన తల్లిదండ్రులకు, ఊరి నుంచి రాగానే ఆటో అన్నను మా ఇంటికి తీసుకొచ్చిన ఆ పాప నాయనమ్మగారికి చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆటో అన్నా, పేరు రాయొద్దన్నావు, రాయలేదు. ఆ రోజు కాఫీ కూడా తాగకుండా బేరం ఉందని వెళ్లిపోయావు. నాన్న రోజూ అడుగుతున్నారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా క్లాసు ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. వదినను, పిల్లలను తీసుకుని రా.