గందరగోళానికి గుడి కట్టినవాడు

ప్రియమైన శ్రీధర్‌కు,

దేవుణ్ణి వెక్కిరించేవాళ్ళు మళ్ళీ తామే ఒక మతాన్ని ఎందుకు పెడతారని పోయిన ఉత్తరంలో అడిగావు కదా, దానికి కెర్రీ థార్న్‌లీ అనే అమెరికన్ రచయిత కథకు మించిన జవాబు నాకు తోచడం లేదు. తీరిక చేసుకుని చదువు.

1950ల చివర, దక్షిణ కాలిఫోర్నియాలోని విట్టియర్ ప్రాంతంలో, థార్న్‌లీ, గ్రెగ్ హిల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఒక బౌలింగ్ కేంద్రంలో (బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆటస్థలంలో) అర్ధరాత్రి దాకా కబుర్లాడుకుంటూ, లోకంలో క్రమమన్నది మనం ఊహించుకున్నదేనని తేల్చి, గందరగోళానికి అధిదేవతగా గ్రీకు పురాణాల్లోని ఎరిస్‌ను ప్రతిష్ఠించారు. పెళ్ళికి పిలవలేదన్న కోపంతో బంగారు ఆపిల్ విసిరి ముగ్గురు దేవతల మధ్య తగవు పెట్టిన ఆ తల్లిని మన నారదుడికి అక్కగారనుకో.

ఆ మతం పేరు డిస్కార్డియనిజం. 1965లో కొద్ది ప్రతులుగా పుట్టిన దాని గ్రంథం ‘ప్రిన్సిపియా డిస్కార్డియా’లో ఐదు నియమాలున్నాయి. జ్ఞానోదయమైన తర్వాత వచ్చే తొలి శుక్రవారం శిష్యుడు ఒంటరిగా వెళ్ళి ఆనందంగా హాట్‌డాగ్ (మామూలుగా బన్నులో పెట్టి తినే మాంసపు సాసేజ్) తినాలట. శుక్రవారం మాంసం మానే క్యాథలిక్కులను, పంది మాంసం ముట్టని యూదులను, గోమాంసం ముట్టని హిందువులను, ఏ మాంసమూ ముట్టని బౌద్ధులను, చివరికి హాట్‌డాగ్ బన్ను తినకూడదని నియమం పెట్టుకున్న తమను కూడా ఒకే వేటుతో ధిక్కరించడం అందులోని ఉద్దేశం. తమను మినహాయించుకోని ఆ వెటకారమే నాకు బాగా నచ్చింది. ఐదో నియమం మరీ ఘనమైనది: చదివినదేదీ నమ్మరాదు.

విచిత్రమేమిటంటే, ఆ నియమం దాని కర్తకే కొరుకుడు పడలేదు. థార్న్‌లీ 1959లో అమెరికా సైన్యపు మెరైన్ దళంలో ఉండగా, అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపాడని తర్వాత నింద మోసిన లీ హార్వీ ఆస్వాల్డ్ అతనికి పరిచయమయ్యాడు. ఆస్వాల్డ్ సోవియట్ దేశానికి వెళ్ళిపోయాడని విని, థార్న్‌లీ అతని ఛాయలున్న కథానాయకుడితో ఒక నవల రాశాడు, అదీ కెనెడీ హత్యకు ముందే! 1964లో ఆ హత్యపై విచారణ జరిపిన వారెన్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చాడు. తర్వాత న్యూ ఆర్లీన్స్ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) జిమ్ గారిసన్ అతనిపై అబద్ధపు సాక్ష్యం నేరం మోపాడు. ఆ కేసు చివరికి ఎత్తివేశారు. ఒకవైపు మిత్రులతో కలిసి ఇల్యుమినాటి అనే రహస్య సంఘం కుట్రల గురించి సరదా పుకార్లు పుట్టించి జనాన్ని తికమకపెడుతూ వచ్చిన ఆ మనిషే, 1970లు వచ్చేసరికి, తనకే తెలియకుండా తనను కెనెడీ హత్య కుట్రలో వాడుకున్నారని నిజంగా నమ్మడం మొదలుపెట్టాడు. 1998లో అట్లాంటాలో చనిపోయేదాకా ఆ అనుమానం అతణ్ణి వదల్లేదు. హాస్యగాళ్ళలో ఇంత ఖరీదు చెల్లించినవాణ్ణి నేనెరుగను.

అన్నట్టు, ఆ మతంలో భూమ్మీద పుట్టిన ప్రతివాళ్ళూ పోపే (క్యాథలిక్కుల జగద్గురువు లాంటివాళ్ళే); ఆ పోప్ పదవి ధ్రువపత్రాన్ని ఎవరైనా అచ్చువేసి పంచవచ్చు. నీది ఈ ఉత్తరంతో జతచేశాను. మా చెల్లెమ్మకు కూడా ఒకటి పెట్టాను. ఒకే ఇంట్లో ఇద్దరు పోపులుంటే ఎరిస్‌కు ఇంకేం కావాలి!

నీ
మాధవ