“డబ్బు తీసుకుని ఊరుకున్నారు” అన్న నీ మాటకు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది చాలా కాలమైంది. జవాబు ఇంత ఆలస్యమైనందుకు క్షమించు. ఇక్కడ అందరం కులాసా. చిన్నదాని పరీక్షలు ముగిశాయి, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఎప్పుడో ఖాళీ అయింది. మిగిలిన కబుర్లు మరోసారి. ఈ రోజు రాయడానికి కూర్చున్నది నీ ఉత్తరం చివర ఉన్న ఒక్క వాక్యం కోసం. లాస్ ఏంజిలిస్ క్యాథలిక్ ఆర్చిడయోసిస్ (ఆర్చిబిషప్పు కింద ఉండే చర్చి పరిపాలనా ప్రాంతం) 2024 అక్టోబరులో, చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైన 1,353 మంది బాధితులతో 88 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్న వార్త చదివి, “అంత అన్యాయం జరిగినవాళ్లు డబ్బు తీసుకుని ఊరుకున్నారంటే ఏమనుకోవాలి?” అని అడిగావు. అప్పుడే జవాబు రాసి ఉంటే కోపంగా రాసేవాణ్ణి. ఇప్పుడు కోపం తగ్గింది, చెప్పవలసినది మాత్రం పెరిగింది. పోయిన వారం మా వీధి చివర ఇంటాయన తన దావాలో రాజీపత్రం మీద సంతకం చేశారు.

ఆయన సంగతి నీకు ఇదివరకు రాశాను: ఉదయం నడకలో కలిసే మనిషి, టోపీతో సహా అచ్చం మన సైకిలు మాస్టారే. (నవ్వకు, ఈయన ఎవరి చెవీ మెలిపెట్టలేదు.) చిన్నతనంలో ఒక మత సంస్థలోని పెద్దమనిషి చేతిలో ఆయన లైంగిక వేధింపులకు గురయ్యారు. ఆ సంస్థ పేరు రాయను. ఆ హక్కు ఆయనది. నలభై ఏళ్లు దాటేవరకు భార్యకు కూడా చెప్పుకోలేదట. చెప్పుకొనే ధైర్యం వచ్చేసరికి కాలపరిమితి ఎప్పుడో దాటిపోయింది. కాలిఫోర్నియా 2019లో చట్టం మార్చి, ఎంత పాత సంఘటన మీదైనా దావా వేసుకోవచ్చని 2020 నుంచి 2022 చివరిదాకా మూడేళ్ల గడువు ఇచ్చింది కాబట్టి ఆయనకు కోర్టు గుమ్మం తెరుచుకుంది. అలా తెరుచుకున్నప్పుడు చివరిదాకా వెళ్లకుండా మధ్యలో ఎందుకు ఆగారు అన్నదే కదా నీ ప్రశ్న?

జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) ముందుకు పోకముందే ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకుంటారు. అవతలి వకీళ్లు ఆయన మొదటి పెళ్లి ఎందుకు చెడిందని, ఎప్పటి నుంచి తాగుతున్నారని, పరీక్షలు ఎందుకు తప్పారని, తండ్రి కొట్టేవాడా అని గంటల తరబడి అడిగారు. మానసిక క్షోభకు పరిహారం కోరినవాడి వైద్యుల కాగితాలు కూడా చాలావరకు అవతలి పక్షం చేతికి వెళతాయి. ఆయన బతుకు పాడైంది ఆ పెద్దమనిషి వల్ల కాదు, ఇంకెన్నో కారణాల వల్ల అని నిరూపించడం వాళ్ల పని. ఇంతకాలం తన భార్యకు కూడా పూర్తిగా తెలియని మాటలను ఒక గుమాస్తా టైపు చేస్తుంటే ఆ గదిలో కూర్చుని చెప్పవలసి రావడం గురించి ఆయన నాతో చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసి, వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. విచారణ జరిగితే అదంతా పన్నెండు మంది అపరిచితుల ఎదుట మళ్లీ చెప్పాలి. ఆనాడు విషయం తెలిసి కూడా దాచిన సంఘ పెద్దల్లో ఒకాయన ఇప్పటికే పోయారు, ఇంకొకాయనకు మతిమరుపు.

పోనీ, అదంతా భరించి గెలిచాడనుకో. గెలుపు నిలుస్తుందా? యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ సంస్థ మీద మోంటానా రాష్ట్రంలో 2018లో ఒక జ్యూరీ ఏకంగా మూడున్నర కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2020 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేసింది. పిల్లల మీద అఘాయిత్యం గురించి అధికారులకు తెలియజేయాలన్న చట్టంలోనే, మత ఆచారం ప్రకారం రహస్యంగా ఉంచవలసిన విషయాలకు మతాధికారులకు మినహాయింపు ఉందన్నది వాళ్లు చెప్పిన కారణం. అదే సంస్థ మీద ఇక్కడ కాలిఫోర్నియాలో 2012లో ఒక యువతికి జ్యూరీ 2 కోట్ల 80 లక్షల డాలర్లు ప్రకటిస్తే, 2015లో అప్పీలు కోర్టు శిక్షగా విధించిన భాగాన్నంతా తీసివేసింది. మిగిలినది దాదాపు పదో వంతు. పత్రికల్లో మొదటి అంకె పెద్ద అక్షరాలతో వస్తుంది, రెండోది ఎవరికీ గుర్తుండదు. మా వీధి చివర ఇంటాయనకు మాత్రం రెండూ కంఠోపాఠం.

కోర్టు ఆదేశించినా కాగితాలు ఇవ్వని సంస్థను ఏం చేస్తావు? శాన్ డియాగోలో ఒక దావాలో ఇదే సంస్థ పత్రాలు ఇవ్వనందుకు న్యాయమూర్తి రోజుకు 4,000 డాలర్ల జరిమానా వేశారు, పై కోర్టు 2017లో దాన్ని సమర్థించింది, ఆ తర్వాత ఆ దావా రాజీలోనే ముగిసింది. క్యాథలిక్ డయోసిస్‌ల దగ్గర ఇంకొక ఆయుధం ఉంది: దివాలా. శాన్ డియాగో డయోసిస్ 2007 ఫిబ్రవరిలో మొదటి విచారణకు కొన్ని గంటల ముందు దివాలా పిటిషను వేసింది. ఆ పిటిషను పడిన క్షణం నుంచి దావాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, బాధితుడు బాకీ రావలసినవాళ్ల వరుసలో ఒకడవుతాడు, అతని కథ ఏ జ్యూరీకీ వినబడదు. ఆ ఏడాది సెప్టెంబరులో 144 మందికి 19 కోట్ల 80 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

ఆగినకొద్దీ ఎక్కువ వస్తుందన్న భరోసా కూడా లేదు. బోస్టన్‌లో 2002లో ఒకే క్యాథలిక్ ఫాదరు చేతిలో నలిగిన 86 మందికి మూడు కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్న ఒప్పందం నుంచి ఆర్చిడయోసిస్ మే నెలలో వెనక్కి తగ్గింది. సెప్టెంబరులో వాళ్లు కోటి డాలర్లకు సరిపెట్టుకున్నారు. మసాచుసెట్స్‌లో ధార్మిక సంస్థలు చెల్లించవలసిన పరిహారానికి 20,000 డాలర్ల పరిమితి అప్పటికి ఉన్నదే, ఆ కోటి కాదని కోర్టుకు వెళితే దాన్ని ఎదుర్కోవాలి. పైగా వకీలు సాధారణంగా వచ్చినదాంట్లో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటాడు. నువ్వు చదివిన 88 కోట్లను 1,353తో భాగిస్తే తలకు సుమారు ఆరున్నర లక్షలు. అందులోంచి వకీలు వాటా తీసేసి, జీవితకాలపు మానసిక వైద్యం ఖర్చు లెక్కవేసి చూడు.

మీ నాన్నగారు చెరువు గట్టు పొలం దావాలో ఇరవై ఏళ్ల తర్వాత రాజీకి వచ్చినప్పుడు, అమ్ముడుపోయారని మనలో ఎవరమైనా అన్నామా? ‘పోనీలే, పెద్దాయన ప్రశాంతంగా నిద్రపోతాడు’ అన్నాం. మరి వీళ్ల విషయంలో ఆ మాట ఎందుకు నోటికి రాదు? తప్పు ఒప్పుకోకుండానే సంస్థ బయటపడుతుంది కదా అని నువ్వు అంటావు, అది నిజమే. అది నాకూ నచ్చదు. ఆయనకు వచ్చిన క్షమాపణ ఉత్తరంలో ‘ఏ బాధ్యతనూ అంగీకరించకుండా’ అన్న ముక్క మూడు చోట్ల ఉంది. చదివి వినిపించి పెద్దగా నవ్వారాయన. నేను నవ్వలేకపోయాను.

అయితే ‘ఊరుకున్నారు’ అన్నది మాత్రం తప్పు, మిత్రమా. వెనకటి రోజుల్లో రాజీ అంటే నోటికి తాళం, అది నేను కాదనను. ఆ పద్ధతి వల్ల ఒకడి సంగతి ఇంకొకడికి తెలియక ఎంతమంది పిల్లలు నష్టపోయారో చెప్పలేం. బాధితులే గట్టిగా కోరితే తప్ప గోప్యత ఒప్పందాలు చేసుకోబోమని అమెరికా క్యాథలిక్ బిషప్పులు 2002లో డల్లాస్‌లో తీర్మానించవలసి వచ్చింది. మా వీధి చివర ఇంటాయనకు ఇచ్చిన ముసాయిదాలో అలాంటి షరతు ఉంటే, దాన్ని కొట్టేయించడానికి డబ్బు కోసం కంటే ఎక్కువ కాలం బేరమాడారు. కొట్టేశాకే సంతకం. మొత్తం ఎంతో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంకొక సంగతి, అసలు ముఖ్యమైనది ఇదేనేమో. విచారణలో గెలిస్తే వచ్చేది డబ్బు మాత్రమే, రాజీలో డబ్బుతో పాటు ఇంకేమైనా అడగవచ్చు. లాస్ ఏంజిలిస్‌లోనే 2007 జూలైలో, సోమవారం మొదటి విచారణ మొదలవుతుందనగా, 508 మందికి 66 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అందులో నిందితులైన ఫాదర్ల ఫైళ్లు బయటపెట్టాలన్న షరతు ఒకటి ఉంది. ఆ ఫైళ్లు బయటికి రావడానికి 2013 జనవరి దాకా కొట్లాడవలసి వచ్చినా, అవి వచ్చిన రోజునే పాత ఆర్చిబిషప్పు మహోనీని బహిరంగ బాధ్యతల నుంచి తప్పించారు. మా వీధి చివర ఇంటాయన తన రాజీపత్రంలో కూడా అటువంటి షరతు ఒకటి పెట్టించారు, కాని ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఉన్న కాగితాలు అన్న దగ్గర ఒక మెలిక ఉంది, అది వివరంగా రాయాలంటే... చిన్నదాన్ని సంగీతం పాఠానికి దింపే వేళయింది, కింద హారను మోగుతోంది. ఆ మెలిక సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
మిత్రుడు