మా ఆయన్ని కొండ దింపి తెచ్చినవాళ్లకు

నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్ దారిలో మా ఆయన ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకున్న ప్రతి ఒక్కరికీ పేరుపేరునా దండం పెట్టుకోవాలని ఉంది. కొందరి పేర్లు మాకు తెలియవు. తెలిసినవాళ్లేమో పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఎవరు ఏం చేశారో రాస్తున్నాను, అది వాళ్లకు తెలిస్తే చాలు.

మా ఇద్దరికీ నడకంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో అలిపిరి నుంచి 3550 మెట్లూ మాట్లాడుకుంటూ ఎక్కేశాం. ఆ తర్వాత అనంతగిరి, తలకోన, అహోబిలం, సెలవు దొరికితే చాలు ఏదో ఒక కొండ. హిమాలయాల్లో నడవాలన్న కోరిక ఈ ఏప్రిల్‌లో తీరింది. పోఖరా నుంచి బయల్దేరి, ఛోమ్రోంగ్, బాంబూ, దేవరాలి ఊళ్ల మీదుగా మోదీ ఖోలా నది పక్కనే నడుచుకుంటూ మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ చేరాం. అక్కడికే 3700 మీటర్ల ఎత్తు. అసలు అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4130 మీటర్లు, ఇంకో రెండు గంటలు నడిస్తే వచ్చేస్తుంది.

మా ఆయనకు పొద్దుటి నుంచీ తలనొప్పిగా ఉంది. లాడ్జివాళ్లు వెల్లుల్లి సూప్ కాచి ఇచ్చారు, తాగిన కాసేపటికే వాంతయింది. అలసట అనుకుని పడుకోబెడుతున్నాను. అప్పుడే పైనుంచి దిగి వస్తున్న ఒక జంట మా మాటలు విని "తెలుగువాళ్లా?" అని ఆగారు. ఆవిడ విశాఖపట్నంలో డాక్టరట. తన బ్యాగు కూడా దించకుండా మా ఆయన్ని లేపి, భోజనాల గదిలో నేల చెక్కల అతుకు చూపించి, దాని మీద మడమకు వేళ్లు ఆనించి ఒక్కో అడుగూ వేయమన్నారు. మూడో అడుగుకే ఆయన పక్కకు తూలి బెంచీ పట్టుకున్నారు. ఆవిడ నన్ను బయటికి తీసుకెళ్లి, "మెదడులో వాపు మొదలవుతున్నట్టుంది అమ్మా. తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే దింపేయాలి" అన్నారు. మెదడు వాపు తగ్గడానికి తన దగ్గరున్న డెక్సామెథసోన్ మాత్ర వేసి, మిగతావి ఏ గంటకు వేయాలో కాగితం మీద రాసిచ్చారు. ఎత్తైన చోట గాలి పలచబడి వచ్చే ఈ ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమేననీ, ఎంత గట్టి మనిషికైనా అది రావచ్చనీ ఆవిడ ఓపిగ్గా చెప్పబట్టే నా కాళ్లు కదిలాయి. లేకపోతే ఆ రాత్రి మేం అక్కడే పడుకునేవాళ్లం. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మధ్యాహ్నానికే లోయంతా మబ్బు కమ్మేసింది. హెలికాప్టర్ వచ్చే దారి లేదు. ఇక మిగిలింది మా సామాను మోసే పోర్టర్, మాకు తమ్ముడిలాంటివాడు. అక్కడి గురుంగ్ తెగ కుర్రాడు, ఇరవై ఏళ్లు దాటి ఉంటాయేమో. మా సామానంతా లాడ్జిలో వదిలేసి, తను వీపున మోసే డోకో బుట్టను ఒక పక్క విప్పి, అందులో దుప్పటి పరిచి మా ఆయన్ని కూర్చోబెట్టాడు. బుట్ట బరువు ఆపే నామ్లో పట్టీ నుదుటికి తగిలించుకుని లేచాడు. 70 కిలోల మనిషి! మెడ నరాలు తాళ్లలా తేలాయి. దేవరాలికి ముందు మంచుచరియలు పడే చోటు ఉంది. 2020 జనవరిలో మంచుచరియ పడి కొరియా ట్రెక్కర్లూ నేపాలీ గైడ్లూ చనిపోయింది దేవరాలి దగ్గర్లోనే. మధ్యాహ్నం దాటాక మంచు వదులయ్యే వేళ అని మామూలు దారి వద్దని, నది దాటించి అవతలి ఒడ్డున తీసుకెళ్లాడు. నేను తొందరపడ్డప్పుడల్లా "బిస్తారై దీదీ, బిస్తారై" అనేవాడు. నెమ్మదిగా రమ్మని. దారి చదునుగా ఉన్న చోట మా ఆయన్ని దింపి, చంకలో చెయ్యి వేసి నడిపించేవాడు, మళ్లీ ఎత్తుకునేవాడు. చీకటి పడ్డాక హెడ్‌ల్యాంప్ నాకిచ్చేసి, తను ఆ దారిని పాదాలతోనే చూసుకుంటూ దిగాడు.

కూలికి పైన మేం ఇచ్చింది తీసుకున్నాడు. తీసుకోవాల్సిందే, అది అతని కష్టం. ఆ కొండల్లో మనం తినే ప్రతి ముద్దా, కప్పుకునే ప్రతి దుప్పటీ ఇలాంటివాళ్ల వీపుల మీదే పైకి వస్తుంది. అటు వెళ్లేవాళ్లు పోర్టర్ కాళ్లకు మంచి బూట్లు ఉన్నాయా, చలికోటు ఉందా అని బయల్దేరే ముందే చూడండి. దయచేసి చూడండి.

దేవరాలిలో గదులన్నీ నిండిపోయాయి. లాడ్జి దీదీ తన పిల్లలు పడుకునే గది ఖాళీ చేసి ఇచ్చింది. రాత్రంతా పొయ్యి ఆర్పకుండా, గంటకోసారి వేడినీళ్లు తెచ్చింది. తెల్లవారుజామున మా ఆయన లేచి దాల్‌భాత్ అడిగారు. నేను ఏడ్చేస్తే ఆవిడా నాతో పాటు ఏడ్చింది.

పోఖరా ఆసుపత్రిలో చూసిన డాక్టర్లకు, నర్సులకు నమస్కారాలు. ఇక్కడ మా బాబుని కన్నకొడుకులా చూసుకున్న ఎదురింటి పిన్నిగారికి, ఫోన్‌లో టెన్షన్ పడకుండా నాకే ధైర్యం చెప్పిన మా అత్తగారికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను?

తిరిగొచ్చాక మా ఆయనకు కొండంటే భయం పట్టుకుంది. ఆయన్ని మళ్లీ నడిపించింది మా ఆదివారం నడక మిత్రులు. అహోబిలంలో జ్వాలా నరసింహ స్వామి దగ్గర నుంచి ఉగ్రస్తంభం వైపు ఎక్కుతుంటే ఆయన ఆగిన ప్రతిచోటా అందరూ ఆగారు, ఒక్కరు కూడా "ఇంకెంతసేపు" అనలేదు. ముందు నడిచిన చెంచు పెద్దాయన తన చేతికర్ర ఆయనకిచ్చేశారు. స్తంభం దాకా వెళ్లి దండం పెట్టుకుని వచ్చాం.

పోర్టర్ తమ్ముడితో వారం వారం మాట్లాడుతూనే ఉన్నాం. విశాఖ డాక్టర్ మేడమ్ గారి పేరు కానీ, నంబరు కానీ ఆ కంగారులో అడగలేదు. ఏప్రిల్‌లో అన్నపూర్ణ వెళ్లొచ్చిన డాక్టర్ దంపతులు మీలో ఎవరికైనా తెలిస్తే ఈ మాట చేర్చండి: మా ఆయన పూర్తిగా కోలుకున్నారు, స్కానింగ్‌లో ఏ ఇబ్బందీ లేదన్నారు. దసరా సెలవులకు వైజాగ్ వస్తున్నాం. మేడమ్ ఒప్పుకుంటే ముగ్గురం వచ్చి కలుస్తాం.