చిత్రకారుల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షులవారికి, సభ్యులకు నమస్కారం.

నెలకో ఆదివారం స్కెచింగ్ అనుకున్నాం. రెండుసార్లు వాన వల్ల, ఒకసారి నేనొక్కదాన్నే రావడం వల్ల జరగలేదు. మిగతా తొమ్మిదీ జరిగాయి.

ఫిబ్రవరిలో ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే చిత్రాల స్లైడ్లు చూపించాం. 1877లో ఆయన పారిస్‌లోని సాన్ లజార్ రైల్వే స్టేషన్‌ను 12 సార్లు చిత్రించాడు. స్టేషన్ కదలదు, ఇంజిన్ ఆవిరి మాత్రం ఇప్పుడున్నట్టు మరుక్షణం ఉండదు. "మనకు ఆవిరి ఇంజిన్లు ఎక్కడున్నాయండీ?" అని ఒకరడిగారు. "ఇరానీ చాయ్ కాచే సమోవర్ ఉంది కదా, ఆవిరి చిమ్ముతూ" అన్నారు ఇంకొకరు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో స్కెచింగ్ కార్యక్రమం అలా పుట్టింది.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. 1935 నాటి ఆ రాతి కట్టడం, గడియారం బురుజు మనందరి స్కెచ్‌బుక్కుల్లో ఉన్నవే. అందుకే ఈసారి కట్టడం వద్దు, మనుషుల్నే గీయాలన్నాం. ఒక్కో బొమ్మకు ఐదు నిమిషాలు. ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇంటికెళ్లి పూర్తి చేయడం కుదరదు. మొదటి అరగంట అందరికీ టెన్షనే. చాయ్ తాగే మనిషి మనం తల గీసేలోపే సాసర్ పెట్టేసి వెళ్లిపోతాడు. ఆర్టీసీలో చేసి రిటైరైన మన పెద్దాయన, బయట పూలమ్మే ఆవిడను మూడుసార్లు గీసి మూడుసార్లూ కొట్టేశారు. నాలుగోసారి మొహం జోలికి పోలేదు. మల్లెల మీద నీళ్లు చిలకరించే చెయ్యి, మణికట్టు దాకా జారిన గాజులు, అంతే. నిజం నీళ్లే రెండు చుక్కలు కాగితం మీద పడి ఇంకు అలికింది. అలాగే ఉంచేశారు. ఆవిడ చూసి, "గాజులు నావే, పూలే తక్కువేసినవ్ సారూ" అంది.

ప్రదర్శనకు హాలు కావాలని ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు పెట్టాం. వెళ్లినప్పుడల్లా సార్ మీటింగ్‌లోనే ఉన్నారు. చివరికి ఒక సభ్యురాలి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లు పక్కకు జరిపి, తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీశాం. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారు 31 మంది. తాళ్లు కట్టడానికి వచ్చింది నలుగురు. ఆ నలుగురికీ, కరెంటు పోతే టార్చి పట్టుకు నిలబడ్డ వాచ్‌మన్‌కూ, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించిన కోశాధికారికీ, బ్యానర్ ఉచితంగా రాసిచ్చిన సభ్యుడికీ కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. చందాలు సగానికి పైగా బాకీ. ఎవరివో నేను చెప్పను, వారికే తెలుసు.

మడత కుర్చీలు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారానికి ఆటో మాట్లాడేవారు శనివారంలోగా ఫోన్ చేయండి.