పిచ్ టీమ్‌లకు: పరిష్కారం ఒక్క వాక్యంలో పంపండి

అందరికీ నమస్తే 🙏
శనివారం పిచ్ ప్రాక్టీస్ ఉంది (పిచ్ అంటే మన ఐడియాను ఎదుటివాళ్లకు క్లుప్తంగా చెప్పి ఒప్పించడం). ప్రతి టీమ్ తమ పరిష్కారాన్ని ఒకే వాక్యంలో రాసి, గురువారం రాత్రి 9 లోపు ఇక్కడే పెట్టాలి. స్లైడ్లు ఇప్పుడే వద్దు.

ఎవరి ఇబ్బంది, ఏం ఇబ్బంది, దానికి మీరు చేసేదేంటి? ఇంతే తెలియాలి.

"ఆరోగ్య రంగంలో వినూత్న మార్పు తెచ్చే స్మార్ట్ వేదిక" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అదే "ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మాత్ర వేళకి మూత తీయకపోతే, వాళ్ల పిల్లల ఫోన్‌కి మెసేజ్ పంపే మందుల డబ్బా" అన్నారనుకోండి, వస్తువు కళ్లకు కడుతుంది. ఇందులో మూత తీశారో లేదో కనిపెట్టే సెన్సర్ గురించి ఒక్క ముక్క లేదు చూడండి. అది అడిగినప్పుడు చెప్పొచ్చు.

"మరియు" కనిపించిందంటే రెండు ఐడియాలు కుక్కేశారేమో చూసుకోండి. ఒకటి తీసేస్తే కొంపలేం మునగవు 😄

పంపేముందు మీ ప్రాజెక్ట్ తెలియనివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు "అంటే?" అన్నారా, మళ్లీ రాయాల్సిందే.

వాక్యం ముందు టీమ్ పేరు మర్చిపోవద్దు. డౌట్లు గ్రూప్‌లోనే అడగండి, మిగతావాళ్లకీ పనికొస్తాయి.