పిచ్చి నటించిన డాన్

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో న్యూయార్క్ మాఫియా డాన్ విన్సెంట్ జిగాంటే తెలివిని తెగ మెచ్చుకున్నారు. మానసిక వైద్యశాలలో నర్సుగా చేసి రిటైరైన నాకది మింగుడుపడలేదు. జెనోవీస్ ముఠాను నడుపుతూనే, బాత్‌రోబ్ వేసుకుని న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్ వీధుల్లో గొణుక్కుంటూ తిరిగేవాడు. పెద్ద డాక్టర్లే మానసిక జబ్బని చెప్పారు! దాంతో 1990లో ముఠా నేరాలపై పెట్టిన కేసులో 1997కి గానీ 12 ఏళ్ల శిక్ష పడలేదు. 2003లో, విచారణ తప్పించుకోవడానికి చేసిందంతా నటనేనని కోర్టులో ఒప్పుకున్నాడు. 2005లో జైల్లోనే పోయాడు.

తన పేరు పలకొద్దని, గడ్డం తాకి సైగ చేయాలని అనుచరులకు నియమం పెట్టినవాడికి మతి లేదంటే ఎలా నమ్మారో! మా వార్డులో నిజంగా జబ్బున్నవాళ్లను సొంతవాళ్లే "నటిస్తున్నాడమ్మా" అనేవారు. వాళ్ల గురించి కూడా ఒక ఆదివారం రాయండి.

— ఒక విశ్రాంత నర్సు, విశాఖపట్నం