టర్కీ ఖీమా, బ్రకోలీ: మూకుట్లో నీళ్ల సంగతి

నాన్నా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఖీమా బూడిదరంగులో ఉంది, బ్రకోలీ పచ్చదనం పోయి పసుపు తిరిగింది. మసాలా తక్కువైందా అని అడిగావు. మసాలాది తప్పేం లేదురా, మూకుట్లో నీళ్లు చేరాయి. ఈ వంటలో ఏది చెడినా వెనకాల నీళ్లే ఉంటాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపిస్తున్నాను.

ముందు ప్యాకెట్టు సంగతి. మీ అమెరికా షాపుల్లో గ్రౌండ్ టర్కీ, అంటే టర్కీ కోడి ఖీమా మీద 85/15, 93/7, 99 అని అంకెలుంటాయి. మొదటి అంకె మాంసం శాతం, రెండోది కొవ్వు. 99 అంటే ఒట్టి రొమ్ము మాంసం. 4 ఔన్సులకు, అంటే 112 గ్రాములకు, 120 కాలరీలు, ఒకటిన్నర గ్రాముల కొవ్వు. అంకె చూసి మురిసిపోయి కొంటావు కానీ పొయ్యెక్కాక అది ఎండిపోయి పలుకులు కడుతుంది. మింగుడు పడక నెయ్యి పోసుకుంటావు, మిగిల్చిన కాలరీలు అక్కడే తిరిగొస్తాయి. 93/7 తీసుకో. అదే 112 గ్రాములకు 160 కాలరీలు, 8 గ్రాముల కొవ్వు, 21, 22 గ్రాముల ప్రొటీను. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. రోజూ వండుకునేవాడికి సరిపోయేది ఇదే. 85/15 రుచిగా ఉంటుంది గానీ మూకుట్లో నూనె తేలుతుంది, అదంతా ఒంపెయ్యాలి.

పచ్చి ఖీమా ఫ్రిజ్‌లో ఒకటి, రెండు రోజులకు మించి ఉంచకు. ఆదివారం కొని గురువారం వండుదామనుకుంటే కుదరదు, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టు. ప్యాకెట్టు ప్యాకెట్టుగా పడెయ్యకుండా, జిప్ కవర్లో వేసి అరంగుళం మందాన పల్చగా నొక్కి, తేదీ రాసి పెట్టు. పల్చగా ఉంటే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే సాయంత్రానికి హాయిగా కరిగిపోతుంది. మర్చిపోతే కవరుతో సహా చన్నీళ్లలో ముంచు, అరగంటకోసారి నీళ్లు మార్చు, కరగ్గానే వండెయ్. సింకులో ఊరికే పెట్టి ఆఫీసుకి వెళ్లిపోవద్దు. మూడు, నాలుగు నెలలు దాటితే ఫ్రీజర్‌లో ఉన్నా రుచి తగ్గుతుంది. ఇంకోటి, మన అలవాటు కొద్దీ ఖీమాని కడగొద్దు. కడిగితే క్రిములు పోవు, సింకు నిండా చిందుతాయి. పైగా మాంసం నీళ్లు పీల్చుకుంటుంది, మన తంటా అంతా ఆ నీళ్లతోనే కదా.

ఇప్పుడు కూరకి. నలుగురికి సరిపడా, అంటే నీకు రెండు రాత్రులు, రెండు లంచ్ బాక్సులు. ఖీమా ఒక పౌండు, అంటే 450 గ్రాములు. బ్రకోలీ 350 గ్రాములు, పెద్ద పువ్వు ఒకటి. మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి మూడు, కరివేపాకు రెండు రెబ్బలు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టేబుల్ స్పూను. నూనె రెండు టేబుల్ స్పూన్లు. పసుపు పావు టీస్పూను, ధనియాల పొడి రెండు, మిరియాల పొడి అర, గరం మసాలా అర, ఉప్పు ఒక టీస్పూను. మనింటి కారమైతే ఒక టీస్పూను చాలు, అక్కడ కొన్న కాశ్మీరీ కారమైతే రెండు. నిమ్మకాయ ఒక చెక్క. సీసాలో వచ్చే అల్లం వెల్లుల్లి ముద్దలో ఉప్పూ పులుపూ ముందే కలిపి ఉంటాయి, అది వాడితే ఉప్పు ముప్పావు టీస్పూనుతో మొదలుపెట్టి చివర్న రుచి చూసుకో.

రైస్ కుక్కర్ పెట్టేసి బ్రకోలీతో మొదలుపెట్టు. మాంసం కవరు విప్పకముందే కూరగాయలన్నీ తరిగేసుకుంటే చెక్క బల్లని మధ్యలో కడిగే పనుండదు. పువ్వుని కొయ్యకముందే కుళాయి కింద కడిగి, తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించు. కోశాక కడిగితే ఆ మొగ్గల్లో నీళ్లు దాక్కుంటాయి, ఎంత తుడిచినా రావు. అంగుళంన్నర రెమ్మలుగా విడదీసి, ఒక్కోదాన్ని నిలువునా రెండు చెయ్యి. ఒక పక్క చదునుగా ఉండాలి, మూకుడికి ఆనేది ఆ పక్కే. కాడ పారెయ్యకు. పైనున్న పీచుతోలు మందంగా చెక్కేస్తే లోపలిది లేతగా తియ్యగా ఉంటుంది. చక్రాలుగా తరిగి కూరలో వెయ్యొచ్చు, లేదా రెండు మూడు పువ్వుల కాడలు పోగయ్యాక పచ్చిమిర్చి, నువ్వులతో రోటి పచ్చడిలా చేసుకో. బీరపొట్టు పచ్చడి ఇష్టపడేవాడికి ఇది నచ్చుతుంది.

పన్నెండంగుళాల వెడల్పాటి మూకుడు కావాలి. నీ ఎనిమిదంగుళాల పాన్‌లో పౌండు ఖీమా వేస్తే ముక్క మీద ముక్క పడి ఆవిరికి ఉడుకుతుంది, వేగదు. కొత్తది కొనదల్చుకుంటే ఇనుపదో స్టీలుదో కొను. నాన్‌స్టిక్‌ని ఖాళీగా పెద్ద మంట మీద కాల్చకూడదు. నీది కరెంటు కాయిల్ పొయ్యి కాబట్టి మీడియం హై మీద మూడు, నాలుగు నిమిషాలు ఆగాలి, మన గ్యాసులా వెంటనే కాగదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకో. ఎండుమిర్చి పోపు ఘాటుకి పొగ అలారం మోగితే పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చి నిలబడాలి.

ఒక టేబుల్ స్పూను నూనె వేసి, వేడెక్కాక కాడ ముక్కలు వేసి ఒక నిమిషం. తర్వాత రెమ్మలు, చదును పక్క కిందికి, చిటికెడు ఉప్పు. మూడు నిమిషాలు కదపకు. అడుగు మచ్చలు మచ్చలుగా ఎర్రబడ్డాక రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు చిలకరించి మూత పెట్టి ఒక్క నిమిషం. మూత తీసి, ఉన్న తడి ఎగిరిపోగానే పళ్లెంలోకి తీసెయ్. గోరు గుచ్చితే దిగాలి గానీ మెత్తబడకూడదు. ఇంతకంటే ఎక్కువసేపు మూత పెడితే రెండు నష్టాలు. బ్రకోలీలోంచి వచ్చే పులుపు ఆవిరితో బయటికి పోకుండా అక్కడే తిరుగుతుంది, ఆ పులుపుకి ఆకుపచ్చ రంగులో ఉండే మెగ్నీషియం విడిపోయి ముక్క ఆలివ్ రంగుకి దిగుతుంది. పైగా ఉడికేకొద్దీ గంధకపు వాసన పెరుగుతుంది, పక్కరోజు లంచ్ బాక్సు తెరిస్తే ఆఫీసంతా తెలుస్తుంది. నిమ్మరసం, టమాటా, చింతపండు ముందే వేస్తే రంగు పోయేది కూడా ఇందుకే.

ఇప్పుడు ఖీమా. ప్యాకెట్టు అడుగున ఉండే తడిపట్టీ పారేసి, మాంసం పైన పేపర్ టవల్‌తో అద్దు. అదే మూకుట్లో అర టేబుల్ స్పూను నూనె వేసి, బాగా కాగాక ఖీమాని ముద్దగా వేసి గరిటెతో దిబ్బరొట్టెలా ఒత్తు, అరంగుళం మందం. ఇక నాలుగు నిమిషాలు చెయ్యి పెట్టొద్దు. అందరూ చేసే తప్పు ఇక్కడే. వేసిన మరుక్షణం గరిటెతో కెలికితే ప్రతి పలుకూ తన నీళ్లు వదిలేస్తుంది, ఆ నీళ్లు మరుగుతున్నంతసేపూ మూకుడు వేడి నూరు డిగ్రీల సెల్సియస్ దాటదు, ఆ వేడికి మాంసం ఎర్రబడదు. నువ్వు పంపిన బూడిదరంగు అలా వచ్చిందే. కదపకుండా ఉంచితే అడుగు ఎండి గోధుమరంగు పట్టు వస్తుంది, రుచంతా ఆ పట్టులోనే. నాలుగు నిమిషాలయ్యాక అట్లకాడతో నాలుగు ముక్కలు చేసి తిరగేసి ఇంకో మూడు నిమిషాలు. అప్పుడు విడగొట్టు. మరీ పొడి చెయ్యకు, బఠాణీ గింజంత పలుకులుంటే చాలు.

ఉప్పు కూడా విడగొట్టాకే. పచ్చి ఖీమాకి ముందే ఉప్పు పట్టిస్తే ప్రొటీను సాగి ఒకదానికొకటి అంటుకుంటుంది, కూర రబ్బరులా బిగుస్తుంది. ఎప్పుడైనా ఖీమా ఉండలు చేస్తే మాత్రం ఉప్పు ముందే కలుపు, అక్కడ ఆ అంటుకోవడమే కావాలి.

99 శాతందే దొరికిందనుకో, పావు టీస్పూను వంట సోడా ఒక టేబుల్ స్పూను నీళ్లలో కరిగించి పౌండు ఖీమాకి కలిపి పావుగంట ఉంచు. సోడా మాంసంలో పులుపు తగ్గిస్తుంది, అప్పుడు నీళ్లు అంత సులువుగా వదలదు, రంగు కూడా తొందరగా వస్తుంది. పావు టీస్పూను దాటితే సబ్బు రుచి, జాగ్రత్త.

ఖీమాని అంచులకి జరిపి మధ్యలో మిగిలిన అర టేబుల్ స్పూను నూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు. నాలుగు నిమిషాలకు ఉల్లి రంగు మారుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా ఒక నిమిషం. అడుగంటుతోంది కదా అని నూనె పొయ్యకు, ఒక చెంచా నీళ్లు చల్లి గీకు, ఆ అంటిందంతా కూరలోకి రావాలి. పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి అంతా కలిపి, పొడులు మాడకుండా రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి మీడియం మంట మీద మూడు, నాలుగు నిమిషాలు వేగనివ్వు. చప్పుడు విను. నీళ్లున్నంతసేపూ గుడగుడమంటుంది, అవి ఇంకిపోయాక చిటపటలాడుతుంది. చిటపట వినిపించాక బ్రకోలీ, మిరియాల పొడి, గరం మసాలా వేసి ఒక నిమిషం తిప్పి మూకుడు దించెయ్. కాయిల్ ఆపినా వేడిగానే ఉంటుంది, అందుకని పక్క పొయ్యి మీదకి మార్చాలి, లేకపోతే బ్రకోలీ అక్కడే కూర్చుని ఉడికిపోతుంది. నిమ్మరసం దించాకే.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేవు. టర్కీ ఒక్కోసారి పూర్తిగా ఉడికినా గులాబీగానే ఉంటుంది, ఒక్కోసారి ఉడక్కముందే తెల్లబడుతుంది. అక్కడి వ్యవసాయ శాఖ చెప్పే లెక్క 165 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 74 సెల్సియస్. చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కో. ఖీమాని ఒక కుప్పగా పోగుచేసి మధ్యలో గుచ్చి చూడు. ఉండలైతే అన్నిటికంటే పెద్దదాని నడిమధ్యకి.

ఫ్రోజెన్ బ్రకోలీ వాడటం తప్పేం కాదు, వారం మధ్యలో అదే దిక్కు. కానీ దాన్ని కరిగించి మూకుట్లో వేస్తే చెరువే. గడ్డకట్టిన ముక్కల్ని అలాగే ఓవెన్‌లో వెయ్యి. ట్రేతో సహా 450 ఫారన్‌హీట్‌కి కాగబెట్టి, ఒక టేబుల్ స్పూను నూనె కలిపిన ముక్కలు దూరదూరంగా పరిచి 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపి. అంచులు నల్లబడితే బావుంటుంది. కూరలో చివర్న కలుపు.

రోజూ ఇదే మసాలా విసుగొస్తే ధనియాల పొడి, కారం, గరం మసాలా మానేసి సన్నగా తరిగిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అంగుళం అల్లం, రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టీస్పూను వెనిగర్. సోయా సాస్ ఒక టేబుల్ స్పూనులోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది, కాబట్టి అందులో ఉప్పు అసలు వెయ్యకు.

మాంసం వద్దనిపించిన రాత్రి బ్రకోలీకి ఆవ పెట్టుకో, పనసపొట్టు కూరకి పెట్టినట్టే. ఒక టీస్పూను ఆవాలు, ఒక ఎండుమిర్చి కాసేపు నానబెట్టి మెత్తగా నూరుకో. బ్రకోలీ మూడు నిమిషాలు ఆవిరికి పెట్టి, సెనగపప్పు, మినపప్పు, ఇంగువ పోపులో తిప్పి, దించి కాస్త చల్లారాక ఆవముద్ద కలుపు. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. చింతపండు బదులు నిమ్మరసం, అదీ దించాకే, రంగు నిలుస్తుంది. దీంట్లో ఇంకో లాభం ఉంది. బ్రకోలీలో ఒంటికి మంచిదని చెప్పే సల్ఫోరఫేన్ అనే పదార్థం తయారవ్వాలంటే దానిలోని ఒక ఎంజైము పని చెయ్యాలి, ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఫ్రోజెన్‌లో అయితే ఫ్యాక్టరీలో వేడినీళ్లలో ముంచినప్పుడే చాలావరకు పోతుంది. పచ్చి ఆవాల్లో అదే రకం ఎంజైము ఉంటుంది, ఆ లోటు ఇది తీరుస్తుంది.

పళ్లెంలో అన్నం కొంచెం, కూర అంతకి రెట్టింపు, పక్కన పెరుగు. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి డబ్బాలో, తొందరగా చల్లారుతుంది. మూడు, నాలుగు రోజులు నిలుస్తుంది. మర్నాటికి ఉంచే వాటాలో బ్రకోలీ కలపకుండా వేరే డబ్బాలో పెట్టు. ఖీమాని ఒక చెంచా నీళ్లు చల్లి మూత పెట్టి మైక్రోవేవ్‌లో పొగలు కక్కేదాకా వేడి చేసి, బ్రకోలీ చివరి అర నిమిషంలో వేస్తే చాలు.

అమ్మ